ఇంటికొచ్చే మాస్టారా, అందరితో క్లాసా?

హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ రాశారు. వయసు 36, జిల్లా పరిషత్ హైస్కూల్లో పని. పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలుంది, అందులో ముఖ్యమైన సంగతులు ఇవి.

వాళ్ల పాపకు 11 ఏళ్లు, ఆరో తరగతి. నెమ్మదస్తురాలు. కొత్తవాళ్ల ముందు గొంతు పెగలదు. తమ బడిలో ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్ష పథకం కింద మూడు నెలల శిక్షణ జరిగితే చూసి, మన పాపకూ ఇలాంటిది ఉండాలనుకుని, రెండు నెలల కిందట ఒక కరాటే క్లాసులో చేర్చారు. సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం 6 నుంచి 7 దాకా. 35 మంది పిల్లలు, ఒక మాస్టారు, ఆయనకు సాయంగా ఇద్దరు బ్రౌన్ బెల్ట్ సీనియర్లు. ఫీజు నెలకు 1,000 రూపాయలు.

కొత్త పిల్ల కాబట్టి చివరి వరసలో నిలబెట్టారు. మూడో వారంలో ఒకరోజు మాస్టారు వెనక్కి తిరగమంటే అందరూ ఒక కాలు వేశారు, ఈమె ఇంకో కాలు వేసింది. ఆయన పేరు పెట్టి పిలిచి మళ్లీ చెయ్యమన్నారు. మళ్లీ తప్పింది. పిల్లలు నవ్వారు. క్లాసయ్యాక చెప్పులు విడిచిన చోట ఒక సీనియర్ అమ్మాయి, పాప కాళ్లు తడబడిన తీరు చేసి చూపించింది. "నాకు తల కొట్టేసినట్టయింది" అని రాశారు ఆ తల్లి. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు బడినుంచి రాగానే పాపకు కడుపునొప్పి.

సంగతి చెబితే మాస్టారు మర్యాదగానే మాట్లాడారట. "ఇంటికొచ్చి ప్రైవేట్‌గా చెబుతాను మేడం. వారానికి రెండు క్లాసులు, క్లాసుకు 600. బెల్టులు కూడా త్వరగా వచ్చేస్తాయి." భర్తకు ఇది నచ్చింది. లెక్కలకు ట్యూషన్ పెట్టాకే కదా మార్కులొచ్చాయి, ఇదీ అంతే అంటారాయన. తమ్ముడేమో ఇప్పుడు తప్పిస్తే జన్మంతా పిరికిదవుతుంది, అందరిలో పడే నేర్చుకోవాలి అంటాడు. అత్తగారు, ఆడపిల్లకు ఈ కుస్తీలెందుకు, సంగీతంలో చేర్పించమంటున్నారు. ఉత్తరం అయిపోయాక అడుగున, వేరే కలంతో, రెండు వాక్యాలు: "నాకూ నేర్చుకోవాలని ఉంది. కానీ ఈ వయసులో తెల్ల బెల్ట్ కట్టుకుని పిల్లల పక్కన నిలబడాలంటే సిగ్గు."

టీచర్ గారూ,

నేను కరాటే మనిషిని కాను. మా అబ్బాయిని ఐదేళ్లు క్లాసుకు తీసుకెళ్లి, గోడవారన కూర్చుని, వాడి వాటర్ బాటిల్‌కు కాపలా కాసినదాన్ని. ఐదేళ్లు అలా కూర్చుంటే మాస్టార్ల కళ్లు దాటిపోయేవి కొన్ని మన కంట పడతాయి. వాటిలో ఒకటి మీ ఉత్తరంలో ఉంది. దానితోనే మొదలుపెడతాను.

కరాటే క్లాసులో పిల్లల్ని బెల్టుల ప్రకారం నిలబెడతారు. పెద్ద బెల్టులు ముందు, కొత్తవాళ్లు వెనక. కొత్త పిల్ల ముందున్నవాళ్లను చూసి చేస్తుంది. మొదటి రెండు మూడు నెలలు ఎవరైనా అంతే. ఇంతలో వెనక్కి తిరగమంటారు. తిరగ్గానే చివరి వరస కాస్తా మొదటి వరసైపోతుంది. అప్పుడు పాప కళ్లముందు గోడ తప్ప ఏమీ లేదు. చూసి చేయడానికి ఒక్కరూ లేరు, ఆమెను చూడటానికి మాత్రం వెనక ముప్పై మంది ఉన్నారు. మీ పాప తప్పింది సరిగ్గా అక్కడే. మీరు దాన్ని పాప చేతకానితనంగా చదివారు. నాకు మాత్రం అది నిలబెట్టిన చోటు తెచ్చిన తిప్పలుగా కనిపించింది. రెండో వరసలోనో మూడో వరసలోనో, నడుమన నిలబెడితే ఎటు తిరిగినా ఎవరో ఒకరి వీపు కనిపిస్తుంది. ఆ మార్పుకు నెలకు 4,800 రూపాయలు అక్కర్లేదు. మాస్టారితో ఒక మాట చాలు.

అయితే మీరడిగింది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఇంటికొచ్చి చెప్పించుకోవడం మేలా, అందరితో మేలా అని. మీవారి ట్యూషన్ పోలిక దగ్గరే అసలు చిక్కుంది.

లెక్కల ట్యూషన్లో నేర్చుకునేదంతా పిల్లకూ కాగితానికీ మధ్య ఉంటుంది. పరీక్ష హాల్లో పక్కవాడు వచ్చి ఆమె లెక్క మీద చెయ్యి విసరడు. అందుకే అక్కడ ఒక్కరికి చెప్పినా నలభై మందికి చెప్పినా పాఠం ఒకటే, దగ్గరగా చెబితే బాగా ఎక్కుతుంది. కరాటేలో సగం మాత్రమే అలాంటిది. కాలు ఎంత దూరం వెయ్యాలి, నడుము ఎప్పుడు తిప్పాలి, పిడికిలి బిగించినప్పుడు బొటనవేలు ఎక్కడుండాలి, ఇవన్నీ ఒక మంచి కన్ను దగ్గరుండి చూస్తే త్వరగా కుదురుతాయి. ఈ విషయంలో ప్రైవేట్ క్లాసుకు సాటి లేదు. లెక్క వేసి చూడండి: గంటలో పావుగంట వార్మప్‌కు పోతే మిగిలేది 45 నిమిషాలు. 35 మందికి సమంగా పంచితే ఒక్కో పిల్లకు మాస్టారి చూపు దక్కేది నిమిషంపావు. అదీ ఆయన సమంగా పంచితే. సాధారణంగా బాగా చేసేవాళ్లకూ, బాగా అల్లరి చేసేవాళ్లకూ ఎక్కువ దక్కుతుంది. మీ పాప రెండూ కాదు.

మిగతా సగం ఎదుటి మనిషి. మాస్టారు పంచ్ విసిరితే పాప అడ్డుకుంటుంది, ఎందుకంటే ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు. ఆరునెలలు పోయేసరికి ఆయన చెయ్యి ఎటునుంచి వస్తుందో, ఎంత వేగంగా వస్తుందో అలవాటైపోతుంది. అది వచ్చేసినట్టే అనిపిస్తుంది. తర్వాత ఎప్పుడో ఎదురుగా తనకన్నా జానెడు పొట్టి పిల్ల నిలబడుతుంది, లేదా ఎడమచేతి వాటం పిల్ల, లేదా భయంతో కళ్లు మూసుకుని విసిరే పిల్ల. వీళ్లందరినీ ఒక్క మాస్టారు నటించి చూపించలేరు. మన ఊళ్లలో కుస్తీ పట్టేవాళ్లు గోదాలోకి దిగేది అందుకే కదా, రోజుకో జోడీ కోసం. జూడో అయితే చెప్పనే అక్కర్లేదు, పడెయ్యడానికి మనిషే లేకపోతే ఇంక పాఠమేముంది.

మీ ఇంట్లో జరుగుతున్న ఈ వాదన కరాటే పుట్టిన చోట కూడా ఉన్నదే. గిచిన్ ఫునకోషి అని, 1868లో ఒకినావాలో పుట్టిన మనిషి. మీలాగే బడిపంతులు. చిన్నతనంలో బాగా నలతగా ఉండేవారు. అజాతో అనే గురువు ఇంటి పెరట్లో, రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా నేర్చుకున్నారు. ఒకే కటా, అంటే ఒక వరసలో చేసే కదలికల పాఠం, నెలల తరబడి చేయించేవారట ఆ గురువు. అచ్చమైన ప్రైవేట్ క్లాసు! ఫునకోషికి ఇంకో గురువు ఉన్నారు, ఇతోసు. 1901 ప్రాంతంలో కరాటేను ఒకినావా బడుల్లోకి తెచ్చినాయన ఈయనే. పిల్లల్ని వరసలు కట్టించి, అంకెలు లెక్కపెడుతూ అందరితో ఒకేసారి చేయించే పద్ధతి ఆ బడి దారినే వచ్చింది. పెరట్లో ఒంటరిగా నేర్చుకున్న ఫునకోషి 1922లో టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించి అక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత చెప్పింది యూనివర్సిటీ కుర్రాళ్ల గుంపులకు. కాబట్టి మీవారిదీ మీ తమ్ముడిదీ కూడా పాత మాటే. ఇద్దరికీ వాటా ఉంది.

మీ తమ్ముడి మాటలో ఒక్కటి మాత్రం ఒప్పుకోలేను. అందరూ నవ్వితే పిల్లలు ధైర్యవంతులు కారు. ఎలా దాక్కోవాలో నేర్చుకుంటారు. చివరి వరసలో నిలబడటం, పెదవులు కదిలించి అంకెలు లెక్కపెడుతున్నట్టు నటించడం, మంచినీళ్ల నెపంతో బయటికి పోవడం, ఇవన్నీ గోడవారన కూర్చుని చాలా చూశాను.

ఇక కడుపునొప్పి. దాన్ని నాటకం అనకండి. క్లాసున్న రోజుల్లోనే వస్తోందంటే టెన్షన్ వల్లే కావచ్చు, కానీ ఆ నొప్పి నిజమైన నొప్పే. ఆదివారం కూడా వస్తుంటే, వాంతులో జ్వరమో తోడైతే, రాత్రి నిద్రలేపేంతగా ఉంటే కరాటే సంగతి పక్కనపెట్టి డాక్టరుకు చూపించండి. అలాంటివేమీ లేకపోతే ఒకసారి తీరిగ్గా, కూరగాయలు తరిగేటప్పుడో జడ వేసేటప్పుడో, మొహంలో మొహం పెట్టి చూడకుండా అడగండి. "కరాటే ఇష్టమేనా?" అని అడిగితే "ఊఁ" అంటుంది, మీరు సంతోషిస్తారని. "ఆ గంటలో ఏది త్వరగా అయిపోతే బావుండనిపిస్తుంది?" అని అడిగి చూడండి. వెనక్కి తిరగడం అంటే అది వరస సంగతి. "ఆ అక్క" అంటే అది వేరు. "మాస్టారు అరిస్తే" అంటే ఇంకా వేరు. మూడింటికీ మందు ఒకటి కాదు. పైగా ఉత్తరంలో పాప ఏమందో ఒక్క మాట కూడా రాయలేదు మీరు. మీవారు, తమ్ముడు, అత్తగారు, మాస్టారు అందరూ మాట్లాడారు.

మాస్టారి గురించి మీకు అనుమానం వచ్చి ఉంటుంది, డబ్బు కోసమే అన్నారేమోనని. అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు. హాలు అద్దె కట్టి, నెలకు వెయ్యి చొప్పున తీసుకుని చెప్పేవాళ్లకు ఇంటి క్లాసులే నాలుగు డబ్బులు మిగిల్చేవి. అది తప్పేం కాదు. ఆయన మాటల్లో నాకు నచ్చనిది "బెల్టులు త్వరగా వస్తాయి" అన్నది. క్లాసులో వెనకబడ్డ పిల్ల ఇంట్లో గబగబా బెల్టులు దాటితే, తిరిగి ఆ హాల్లో నిలబడ్డప్పుడు నడుముకున్న రంగుకు తగ్గట్టు చెయ్యలేక రెట్టింపు నవ్వులపాలవుతుంది. బెల్ట్ టెస్ట్ అందరి ముందే పెడతారు కదా. ఆ ఒక్కరోజైనా అందరి కళ్లూ ఆమె మీద ఉంటాయి.

సరే, మీ ముందు ఏమేం దారులున్నాయో, ఏ దారిలో ఏం ఎదురవుతుందో చూద్దాం.

పూర్తిగా ప్రైవేట్‌కు మారితే నాకు తెలిసి కడుపునొప్పి వారంలో తగ్గుతుంది. అదే ఇందులో మెలిక. సమస్య తీరిపోయిందని మీరంతా ఊపిరి పీల్చుకుంటారు, అది మాత్రం హాల్లో చెప్పుల దగ్గర అలాగే కాచుకుని ఉంటుంది. కాళ్లూ చేతులూ చక్కగా కుదురుతాయి, సందేహం లేదు. జోడీ ఉండదు. ఇంకోటి, మీరు కరాటేలో పెట్టింది ఆత్మరక్షణ కోసమన్నారు. ఏ క్లాసైనా 11 ఏళ్ల పిల్ల ఒక పెద్ద మనిషిని కొట్టి పడేసేలా చెయ్యలేదు. ఆ వయసులో ఆమెను కాపాడేది గట్టిగా అరవడం, పరుగెత్తడం, వచ్చి మీకు చెప్పడం. కరాటేలో దెబ్బతో పాటు పొట్టలోంచి అరుస్తారే, కియాయ్ అని, గొంతు పెగలని పిల్లకు నా దృష్టిలో అది అన్నిటికన్నా విలువైన పాఠం. ముప్పై మంది అరుస్తుంటే వాళ్లలో కలిసి అరవడం తేలిక. ఇంట్లో హాలు నడుమ, నాయనమ్మ సీరియల్ చూస్తుంటే, ఒక్కతే అరవమంటే ఏం అరుస్తుంది పాపం.

ప్రైవేటే అనుకుంటే కొన్ని ముందే మాట్లాడుకోవాలి. క్లాసు ముందు గదిలో, తలుపు తెరిచి, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు కనిపించే దూరంలో ఉండగా జరగాలి. మోచెయ్యి సరిచెయ్యాలన్నా భుజం తిప్పాలన్నా ముట్టుకోవాల్సి వస్తుంది, అది పాఠంలో భాగమే. కానీ చెప్పి ముట్టుకోవాలి, పాప వద్దంటే ఆగాలి. ఈ మాట మాస్టారికి పాప ఎదుటే చెప్పండి. మంచి మాస్టారు దీన్ని అవమానంగా తీసుకోరు. తీసుకుంటే అదే మీకు జవాబు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గురించి మీ బడి పిల్లలకు చెప్పే ఉంటారు, మీ పాపకూ చెప్పారా? ఈ జాగ్రత్తలన్నీ హాల్లో క్లాసుకూ వర్తిస్తాయి. పిల్లలు ఎక్కువ ఉన్నారు కదా అని ధీమాగా ఉండకూడదు.

ఉన్న క్లాసులోనే ఉంచితే, ఏమీ మార్చకుండా ఉంచకండి. మాస్టారితో క్లాసుకు ముందు, పక్కన పాప లేకుండా మాట్లాడండి. "తప్పు చేస్తే సరిదిద్దండి మాస్టారూ, కానీ దగ్గరికొచ్చి చెప్పండి. కొన్నాళ్లు వరస మధ్యలో నిలబెట్టండి. జోడీ పని అప్పుడు నెమ్మదైన పిల్లను ఎవరినైనా ఇవ్వండి" అనండి. ఆ సీనియర్ అమ్మాయి సంగతి కూడా చెప్పండి, ఫిర్యాదులా కాకుండా ఆయన బాధ్యతగా. కరాటే క్లాసులో వంగి నమస్కారం పెట్టించేది ఎందుకో ఆయనకు మీరు నేర్పక్కర్లేదు. ఆరు క్లాసులు, అంటే రెండు వారాలు చూడండి. ఆయన ఏదీ మార్చకపోతే ఆ హాలు మీ పాపకు తగినది కాదు. ఇక అక్కడ ఓపిక పట్టి లాభం లేదు.

నడిమి దారి ఒకటుంది, నాకైతే అదే నచ్చుతుంది. ప్రైవేట్ క్లాసుల్ని చేతికర్రలా వాడుకోవడం. నెలనెలా అని ఒప్పుకోకుండా ఆరు క్లాసులకు మాత్రం మాట్లాడండి, 3,600 రూపాయలు. ఒకే పని పెట్టండి. వాళ్లది షోటోకాన్ పద్ధతైతే మొదట్లో నేర్పే కటాల్లో హెయాన్ షోదాన్ ఉంటుంది, 21 కదలికలు. అందులో ముందుకు నడుస్తూ మూడుసార్లు చెయ్యి పైకెత్తి అడ్డుకుని, మూడోదానికి అరిచి, వెంటనే ముప్పాతిక చుట్టు తిరగాలి. మా వాడు నెలరోజులు అక్కడే ఎటో తిరిగి కిటికీకి ఎదురుగా నిలబడేవాడు. ఆ మలుపులు కళ్లు మూసుకుని కూడా వచ్చేదాకా ఇంట్లో చేయించుకుంటే, ముందు ఎవరి వీపూ లేకపోయినా హాల్లో తడబడదు. ఈలోగా వారానికి ఒక్కరోజైనా హాలుకు పంపుతూ ఉండాలి. పూర్తిగా ఆపేస్తే ఆ గుమ్మం మళ్లీ తొక్కడం కష్టం. ఇదే క్లాసులో ఇంకో ఇద్దరు బెదురు పిల్లలు ఉండే ఉంటారు, వాళ్ల అమ్మానాన్నలతో కలిస్తే క్లాసుకు తలా 200 పడుతుంది. నెలంతా చెప్పించుకున్నా 1,600. పైగా ముగ్గురు పిల్లలుంటే జోడీ కూడా దొరికినట్టే, హాల్లో నవ్వేటప్పుడు పక్కన నిలబడే మనిషీ దొరికినట్టే.

వేరే క్లాసు వెతకాలనుకుంటే గోడకు తగిలించిన కప్పులూ మెడల్సూ చూసి చేర్చకండి. ఒక గంట కూర్చుని, అందరికన్నా బాగా చెయ్యలేని పిల్లను గమనించండి. ఆ గంటలో ఎవరైనా ఆమె దగ్గరికి వచ్చారా? నవ్వితే ఎవరైనా ఆపారా? ఏడాది ఫీజు ముందే కట్టమనేవాళ్లను, ఇన్ని నెలల్లో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అనేవాళ్లను పెద్దగా నమ్మకండి. టెస్టులు ఎన్నాళ్లకోసారి, ఒక్కోదానికి ఎంత అన్నది కూడా ముందే అడగండి, నెల ఫీజు తక్కువని చేర్చాక అక్కడ చేతి చమురు వదులుతుంది.

అత్తగారి మాటా కొట్టిపారేయకండి. కుస్తీలెందుకు అన్నది వదిలేద్దాం, ఆడపిల్లకు కాకపోతే ఎవరికి. కానీ పాపకు నిజంగా ఇష్టం లేకపోవచ్చు, అలాగైతే మానేయడం నేరం కాదు. ఒక్కటే చూసుకోండి. నవ్వులపాలైన వారంలో మానేస్తే పాపకు గుర్తుండేది ఆ నవ్వే. వరస మారి, నాలుగు క్లాసులు సాఫీగా జరిగాక "నాకిది వద్దమ్మా" అంటే అది ఆమె ఇష్టం. అప్పుడు సంగీతమో, కబడ్డీయో, ఏమీ లేకుండా సాయంత్రాలు వీధిలో ఆడుకోవడమో, దేనికైనా సరే అనండి.

చివరికి మీ రెండు వాక్యాలు. ఆ నవ్వు పాపకు ఎంత తగిలిందో మీ ఉత్తరంలో మూడు లైన్లుంది. మీకెంత తగిలిందో ముప్పావు పేజీ ఉంది. మీ చిన్నప్పటి పీఈటీ పీరియడ్ గురించి కూడా రాశారు, ఇక్కడ నేను వెయ్యలేదు లెండి. అందుకే అడుగుతున్నా, ప్రైవేట్ క్లాసు పాపకు హాయా, గోడవారన కూర్చోవాల్సిన పని తప్పుతుందని మీకు హాయా? జవాబు నాకు చెప్పక్కర్లేదు.

నేర్చుకోవాలని ఉంటే నేర్చుకోండి. కాకపోతే పాప క్లాసులో, పాప పక్కన వద్దు. అది ఆమె చోటు, కష్టమైనా ఆమెదే. కొన్నిచోట్ల పొద్దున్నే ఆడవాళ్లకు వేరే బ్యాచ్ నడుపుతారు, వాకబు చెయ్యండి. లేకపోతే మీతోపాటు ఇద్దరు టీచర్లను పోగేసి మీరే ఒక బ్యాచ్ పెట్టించుకోవచ్చు. ఈ వయసులో మోకాళ్లు, నడుము సంగతి మాస్టారికి మొదటిరోజే చెప్పాలి, మొహమాటపడి మొదటి వారమే కాలు తలదాకా ఎత్తకూడదు. మొదటి కొన్ని క్లాసులు మీరు ప్రైవేట్‌గా చెప్పించుకున్నా నాకు అభ్యంతరం లేదు, సిగ్గు పోవడానికి పెద్దవాళ్లకే ఎక్కువ రోజులు పడుతుంది. కరాటే డ్రెస్ మాత్రం ఒక సైజు పెద్దది తీసుకోండి. కాటన్ది అయితే ఒక్క ఉతుకుతో పొట్టయిపోతుంది.